ఉపశమనము దేనికి సాక్ష్యము?

చదువవలసిన వేదభాగములు: 2 రాజులు 5:1–27, యాకోబు 5:13–16



నొప్పి పట్టినవానికి ఊరంతయు వైద్యులే. ఒకడు పసరు చెప్పును, ఒకడు పథ్యము చెప్పును, ఒకడు తాయెత్తు కట్టించుకొమ్మనును, ఒకడు పట్నములో ఫలాని డాక్టరు హస్తవాసి మంచిదనును. సుఖముగా నున్న దినములలో మనము ఎంత తర్కించినను, రాత్రియంతయు కునుకు పట్టక మంచముమీద పొర్లాడువాడు ఎవరు ఏ త్రోవ చూపినను ఆ త్రోవను పోవును. కాబట్టి రోగిని నిందించుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు. రోగి వెళ్లిన త్రోవ ఎక్కడికి పోవుచున్నదో నిదానించి చూచుటకే వ్రాయుచున్నాను.

ఈ కాలమున మన పట్టణములలో రేకీ అనియు, ప్రాణిక్ హీలింగ్ అనియు పేర్లు గల చికిత్సలు బయలుదేరినవి. వీరు మందు ఇయ్యరు, సూది వేయరు, కత్తి పట్టరు. రోగి శరీరముమీద చేతులుంచి, లేక శరీరమునకు కొంచెము ఎత్తున చేతులాడించి, కంటికి కనబడని ఒక ప్రాణశక్తిని అతనిలోనికి ప్రవహింపజేయుదుమని చెప్పుదురు. పట్టణములో ఉద్యోగములు చేసికొనుచున్న మన బిడ్డల ద్వారాను, వారి చేతిలోని సెల్ ఫోనుల ద్వారాను ఈ మాట మన పల్లె సంఘములకును చేరినది.

నా పరిచర్యలోనున్న ఒక సంఘములో అరువది యేండ్లు దాటిన విధవరాలు ఒకామె కలదు. నలువది యేండ్లు బురదలో నాట్లు వేసి, కలుపు తీసి, ఆమె మోకాళ్లు అరిగిపోయినవి. మందిరములో అందరును మోకరించునప్పుడు ఆమె గోడకు ఆనుకొని నిలుచును. మొన్న పట్టణములోనున్న కుమార్తె ఆమెను ఒక రేకీ చికిత్సకు తీసికొనిపోయెను. బల్లమీద పరుండబెట్టి, దీపము తగ్గించి, మెల్లని సంగీతము పెట్టి, ఒక స్త్రీ ఆమె తలమీదను, కన్నులమీదను, గొంతుమీదను, కడుపుమీదను, తుదకు మోకాళ్లమీదను కొన్ని నిమిషముల చొప్పున చేతులుంచెను. ఆమెకు వెచ్చదనము తోచెను. కన్నులు మూతపడెను. లేచినప్పుడు నొప్పి సగము తగ్గినట్లుండెను. ఆ రాత్రి బాగుగా నిద్రపోయెను.

ఆ గంటకు పుచ్చుకొన్నది వెయ్యి రూపాయలు. అది ఆమె రెండు మూడు దినముల నాటు కూలి. చికిత్స చేసిన స్త్రీ మర్యాదగానే మాటలాడెను, డాక్టరు బిళ్ళలు మానుమని చెప్పలేదు. అయితే పది పర్యాయములు రావలెననియు, కుమార్తె దీక్ష పుచ్చుకొన్నయెడల తానే ఇంటిలో తల్లికి చేయవచ్చుననియు చెప్పెను.

ఆ తల్లి నాయొద్దకు వచ్చి మూడు మాటలు అడిగెను. “అయ్యగారూ, నేను చేసింది పాపమా? మళ్లీ పొమ్మంటారా, వద్దంటారా? ఆదివారం లేచి సాక్ష్యం చెప్పొచ్చా?” మూడును మంచి ప్రశ్నలే. మూడవది అన్నిటికంటె లోతైనది. మన సంఘములలో నొప్పి తగ్గినవాడు లేచి సాక్ష్యము చెప్పుట వాడుక. అయితే తగ్గిన నొప్పి దేనికి సాక్ష్యము? ఎవరికి సాక్ష్యము? ఈ ఒక్క ప్రశ్నకు సరియైన జవాబు దొరికినయెడల తక్కిన రెండును వాటంతట అవే తేలిపోవును.

మొదట ఈ చికిత్స ఎక్కడనుండి వచ్చినదో తెలిసికొందము. రేకీ అనునది జపాను దేశపు మాట. ఆ మాటలో రెండు భాగములున్నవి. మొదటిది ఆత్మసంబంధమైన దానిని, రెండవది ప్రాణశక్తిని తెలుపును. 1865లో పుట్టిన మికావో ఉసుయి అను జపాను దేశస్థుడు, 1922లో క్యోతో పట్టణము దగ్గరనున్న కురామ కొండమీద ఇరువదియొక్క దినములు ఉపవాసముండి ఈ శక్తిని పొందెనని ఆయన శిష్యులు చెప్పుదురు. ఆయన 1926లో చనిపోయెను. ఆయన శిష్యులలో చుజిరో హయాషి యనువాడు టోక్యోలో చికిత్సాలయము నడిపెను. 1900లో హవాయి ద్వీపములలో జపాను కూలీల కుటుంబములో పుట్టిన హవాయో తకాతా అను స్త్రీ 1935లో అక్కడికి పోయి, చికిత్స పొంది, విద్య నేర్చుకొని, దానిని హవాయికి తెచ్చెను. ఆమె 1980లో చనిపోవునాటికి ఇరువదిద్దరు గురువులను తయారుచేసెను. వారి ద్వారా అది పడమటి దేశములకు వ్యాపించి, అక్కడనుండి మన దేశమునకును వచ్చెను. ప్రాణిక్ హీలింగ్ అనునది వేరు. అది ఫిలిప్పీన్స్ దేశములో చోవా కోక్ సుయి అనునతడు నడిపిన పద్ధతి.

ఇందులో క్రైస్తవులమైన మనము గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఉసుయి క్రైస్తవ బోధకుడనియు, క్యోతోలోని దోషిషా అను క్రైస్తవ విద్యాలయమునకు అధిపతియనియు, యేసు ప్రభువు రోగులను ఎట్లు బాగుచేసెనని విద్యార్థులు అడుగగా జవాబు వెదకుచు ఈ శక్తిని కనుగొనెననియు తకాతా ఒక కథ చెప్పుచుండెను. తరువాతి వారు విచారించి చూడగా ఆ విద్యాలయములో అందుకు ఆధారము దొరకలేదు. కావున “ఇది యేసుప్రభువు చేసిన స్వస్థతయే” అని మీతో ఎవరైనను చెప్పినయెడల ఆ మాటకు పునాది లేదని తెలిసికొనుడి. అమెరికా దేశపు కతోలిక బిషప్పులు ఈ విషయమును పరిశీలించి, ఇది శాస్త్రమునకును క్రైస్తవ విశ్వాసమునకును సరిపడదు గనుక తమ ఆసుపత్రులలో దీనికి స్థానము తగదని 2009 మార్చిలో తేల్చిరి.

ఇక ఆ తల్లికి కలిగిన ఉపశమనము సంగతి. అది అబద్ధమని నేను అనను. నొప్పి ఎంత ఉన్నదో నొప్పి పడువానికే తెలియును. ఆమె తగ్గినదనినప్పుడు తగ్గినదే. ఏల తగ్గినది? ఆలోచించుడి. తెల్లవారకముందే లేచి రాత్రి పడుకొనువరకు పనిచేయు స్త్రీ ఒక గంటసేపు ఏ పనియు లేక వెల్లకిల పరుండియుండుట ఆమె జీవితములో ఎన్నిమారులు జరిగియుండును? ఎవరైనను ఆమె తలమీద వెచ్చని చేయి ఉంచి ఎన్నియేండ్లాయెను? మనస్సు నెమ్మది పొందినప్పుడు బిగిసిన కండరములు సడలును. తగ్గునని నమ్మకము కలిగినప్పుడు మన శరీరము తనలోనే నొప్పిని చల్లార్చు పదార్థములను పుట్టించును. ఇది దేవుడు మన దేహమును నిర్మించిన విధము. మరియొకటి, కీళ్ల నొప్పి ఒక్కరీతిగా ఉండదు, ఎక్కుచు తగ్గుచు నుండును. మనుష్యులు చికిత్సకు పరుగెత్తునది అది మిక్కుటముగా ఎక్కిన దినమున. ఎక్కినది ఎటులైనను దిగవలసినదే. దిగినప్పుడు ఎవరి చేయి దగ్గరనున్నదో వారికే కీర్తి వచ్చును.

వాన కురియనప్పుడు మన ఊళ్లలో కప్పకు పెండ్లి చేయుదురు. ఆషాఢ శ్రావణములలో చేసిన పెండ్లికి పది దినములలో వాన రానే వచ్చును. వాన వచ్చుట నిజము. పొలము తడియుట నిజము. అయితే ఆ వాన కప్పపెండ్లికి సాక్ష్యమా? వాన తడిపినది పొలమునే గాని, పెండ్లి చేసినవారి సిద్ధాంతమును గాదు.

ఇట్టి సంగతులను పరీక్షించినవారు కలరు. 1784లో ఫ్రాన్సు దేశములో మెస్మెర్ అను వైద్యుడు, అయస్కాంతము వంటి ఒక శక్తి ప్రాణులలో ప్రవహించుచున్నదనియు, దానిని తన శిష్యులును తానును రోగులలోనికి పంపగలమనియు చెప్పగా, జనులు తండోపతండములుగా పోయిరి. రాజైన పదునారవ లూయీ విచారణ సంఘమును నియమించెను. అమెరికా రాయబారియైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ అందులో నుండెను. ఆయన తోటలో ఒక చెట్టులోనికి ఆ శక్తిని ఎక్కించితిమని మెస్మెర్ శిష్యుడు చెప్పెను. పండ్రెండేండ్ల రోగియైన బాలుని కన్నులకు గంతలు కట్టి చెట్టు వెంబడి చెట్టు దగ్గరకు తీసికొనిపోయిరి. నాలుగవ చెట్టు దగ్గర వాడు మూర్ఛపోయెను. శక్తి ఎక్కించిన చెట్టు అది కాదు. అది దూరముగా నుండెను. బాలుడు మూర్ఛపోవుట నటన కాదు. అయితే ఆ మూర్ఛకు కారణము చెట్టులో లేదు, బాలుని తలంపులో నుండెను.

అమెరికాలో ఎమిలీ రోజా అను తొమ్మిదేండ్ల బాలిక ఇట్టిదే మరియొక పరీక్ష చేసెను. శరీరమును తాకకుండ చేతులతోనే రోగి చుట్టునున్న శక్తిని గుర్తింతుమని చెప్పు ఇరువదియొక్కమంది అభ్యాసకులను, అడ్డుగా పెట్టిన అట్టకు క్రింద రెండు చేతులు చాపుమనెను. వారి చేతులలో ఏదో యొకదానిమీద, నాణెమును ఎగురవేసి తేల్చుకొని, తన చేయి కొంచెము ఎత్తున పట్టెను. చిన్నదాని చేయి ఏ చేతిమీద నున్నదో వారు చెప్పవలెను. 280 పర్యాయములలో 123 మారులు మాత్రమే సరిగా చెప్పిరి. కన్నులు మూసికొని ఊహించి చెప్పినను సగము సరిపోవును గదా! ఇవి అంతకంటెను తక్కువ. ఇది 1998లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో అచ్చుపడెను. ఇది రేకీ వారిపైన చేసిన పరీక్ష కాదు. అయినను, చేతికి తెలియునని చెప్పబడు శక్తి, చూపును మాటను అడ్డగించినప్పుడు ఆ చేతులకు తెలియరాలేదు.

ఈ సంగతి శాస్త్రజ్ఞుల కంటె ముందుగానే దేవుని వాక్యము మనకు మరియొక విధముగా నేర్పినది. ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయము మొదట చదువుడి. ఒకడు సూచన చెప్పెను, ఆ సూచన నెరవేరెను, అయినను ఆ సూచనను బట్టి అతడు చూపు దేవుని వెంట పోవద్దని మోషే ఇశ్రాయేలీయులను హెచ్చరించెను. సూచన నెరవేరలేదని మోషే అనలేదు. నెరవేరుట చాలదనెను. అనగా, ఫలించినదంతయు సత్యము కాదు. మన సంఘములు ఈ పాఠమును బాగుగా నేర్చుకొనవలెను. “బాగైంది గదా అయ్యగారూ, ఇంకేం కావాలి?” అని మనవారు అడుగుదురు. బాగగుట గొప్పమేలు. అయితే సిద్ధాంతమును తూచుటకు అది రాయి కాదు.

మరి హాని లేనిదైనయెడల, ఉపశమనమిచ్చునదైనయెడల, పోయిననేమి? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. బాధపడువారికి దొరికిన చిన్న సుఖమును లాగివేయుటకు ప్రభువు మనలను పంపలేదు. కావున నేను మూడు గురుతులు చెప్పుచున్నాను. ఏ చికిత్సకు మొదటిమారు పోవలసి వచ్చినను వీటిని జ్ఞాపకముంచుకొనుడి.

మొదటి గురుతు: నన్ను ఏమి విడువమనుచున్నారు? నొప్పి యొకటి, రోగము మరియొకటి. నొప్పి చల్లారినను రోగము లోపల పనిచేయుచుండును. చక్కెరవ్యాధి గలవాని కాలి పుండుకు నొప్పియే తెలియకపోవచ్చును. అది తెలియకపోవుటయే ప్రమాదము. క్షయరోగికి మందులు మొదలుపెట్టిన కొన్ని వారములలోనే దగ్గు తగ్గును. తగ్గినదని మానినయెడల రోగము మరల లేచి, ఆ మందులకు లొంగనిదగును. అందుకే ఆరు నెలలు తప్పక మ్రింగుమందురు. రొమ్ములో గడ్డ పుట్టిన స్త్రీ చేతుల చికిత్సలో ఆరు నెలలు గడిపినయెడల, నెమ్మది దొరకవచ్చును గాని, కాలము తిరిగి దొరకదు. మన ప్రభుత్వము 1954లోనే ఒక చట్టము చేసి, చక్కెరవ్యాధి, క్యాన్సరు, మూర్ఛ మొదలైన రోగములను బాగుచేయుదుమను ప్రకటనలను, మంత్రశక్తి గల చికిత్సలను గూర్చిన ప్రకటనలను నిషేధించెను. ఎవరైనను డాక్టరు బిళ్ళలు మానుమనిన దినమున, వారు ఎంత మృదువుగా చెప్పినను, లేచి వచ్చివేయుడి.

రెండవ గురుతు: నన్ను ఏమి ఇయ్యమనుచున్నారు? నయమాను కథను చూడుడి. ఆ సేనాధిపతి కోపపడినది ఎందుకు? ప్రవక్త బయటికి వచ్చి, నిలిచి, దేవుని నామమున ప్రార్థించి, రోగమున్న చోట చేయి ఆడించునని అతడు ఎదురుచూచెను. చేయి ఆడించు చికిత్సను మనుష్యుడు కోరుట నేటిది కాదు. ఎలీషా బయటికే రాలేదు. మనిషి ద్వారా కబురు పంపి, పోయి నదిలో స్నానము చేయుమనెను. ఎవని చేతికిని కీర్తి రాకుండునట్లు, యొర్దాను నీటిలో శక్తి యున్నదని తరువాతివారు కట్టలు కట్టి అమ్మకుండునట్లు, దేవుడే అతని బాగుచేసెను. బాగైన తరువాత నయమాను కానుకలు తెచ్చెను. ఎలీషా ముట్టలేదు. గేహజీ వెంటబడి పుచ్చుకొనెను. వెండితో కూడ కుష్ఠమును పుచ్చుకొనెను. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో సీమోను, చేతులుంచినప్పుడు ఆత్మ దిగివచ్చు అధికారమును రూకలకు కొనజూచి పేతురుచేత గద్దింపబడెను. వైద్యుడు తన చదువుకును శ్రమకును జీతము పుచ్చుకొనుట న్యాయమే. అయితే దైవశక్తికి తరగతులు, తరగతికొక దీక్ష, దీక్షకొక రుసుము, రహస్యమైన గురుతులు ఏర్పడినప్పుడు, అది సీమోను అడిగిన బేరమే గదా!

మూడవ గురుతు: నన్ను ఎవనికి స్తోత్రము చెప్పమనుచున్నారు? పుత్తూరులో విరిగిన ఎముకకు కట్టు కట్టువాడు తన చేతిపనిని చేయుచున్నాడు. ఆ పని మంచిదైనను కాకపోయినను కట్టు విప్పి చూచి తెలిసికొనవచ్చును. అది ఆరాధన కాదు. అయితే లోకమంతట నిండియుండి, ఎవని చేతిలోనుండియైనను ప్రవహించు ఒక శక్తిని నమ్ముమని చెప్పినప్పుడు, అది వైద్యము దాటి మతమగుచున్నది. ఆ శక్తికి ముఖము లేదు. అది నన్ను పేరుపెట్టి పిలువదు. దానియెదుట నేను పశ్చాత్తాపపడలేను, దానికి కృతజ్ఞత చెప్పలేను. దానిని వాడుకొందును, అంతే.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: మార్కు సువార్త 5వ అధ్యాయములో రక్తస్రావము గల స్త్రీ వస్త్రము ముట్టినప్పుడు, తనలోనుండి శక్తి వెడలినదని ప్రభువు గ్రహించెను గదా, అది ఇట్టిదే గదా? నిదానించి చదువుడి. శక్తి కావలసినది మాత్రమే అయినయెడల ఆ కథ అక్కడనే ముగిసియుండును. ఆమెకు కావలసినది దొరికెను. జనసమూహములో కలిసిపోయి ఇంటికి పోవచ్చును. ప్రభువు పోనియ్యలేదు. నిలిచి, తిరిగి, ముట్టినదెవరని అడిగి, ఆమె వచ్చి ఉన్నదంతయు చెప్పువరకు కనిపెట్టి, కుమారీ యని పిలిచి పంపెను. పండ్రెండేండ్లు అందరును అంటరానిదిగా చూచినదానికి రక్తము ఆగుటకంటె ఆ పిలుపు తక్కువ మేలు కాదు. మన స్వస్థత ఒక ప్రవాహమునుండి కాదు, మనలను ఎరిగినవానియొద్దనుండి వచ్చుచున్నది.

అందువలన మనము ప్రార్థనలో రోగిమీద చేతులుంచుట వేరు, ఇది వేరు. చేతులుంచిన పెద్ద యొక్క చేతిలో ఏమియు లేదు. అది ఖాళీ చేయి. బిచ్చగాని చేయి చాపబడినట్లు అది దేవునియెదుట చాపబడినది. ఆయన యిచ్చినను, ఇయ్యకపోయినను, ఆలస్యము చేసినను, ఆ చేయి ఆయనను బలవంతపెట్టదు. శక్తి మా చేతులలో ప్రవహించుచున్నదని చెప్పు చేయి అడుగు చేయి కాదు, పంచిపెట్టు చేయి.

ప్రియులారా, ఈ మూడు గురుతులను ఇతరులమీద మాత్రమే పెట్టి చూచుట అన్యాయము. మన మధ్యను స్వస్థత కూటములు జరుగుచున్నవి. ప్రార్థించిన నూనె సీసాలు వెలకు అమ్మబడుచున్నవి. వేదికమీదనుండి బిళ్ళలు పారవేయుమని కేకలు వేయువారు కలరు. మరునాడు ఇన్సులిన్ మానివేసిన బిడ్డను తండ్రి ఆసుపత్రికి ఎత్తుకొని పరుగెత్తినప్పుడు ఆ బోధకుడు వేరొక ఊరిలో నుండును. యేసు నామము పలికినంతమాత్రమున ఆ మాట యేసు మాట కాదు. విడువమనుట, ఇయ్యమనుట, స్తోత్రము తమకే రాబట్టుకొనుట, ఈ మూడును మన పందిటిలో కనబడినను వాటిని వాటి పేరుతోనే పిలువవలెను. హిజ్కియా ప్రార్థించెను, దేవుడు వినెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. సమరయుడు గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసెను. పౌలు వెంట లూకా వైద్యుడు నడిచెను. ప్రార్థనకును మందుకును పగ పెట్టినవాడు దేవుడు కాడు.

ఇప్పుడు ఆ తల్లి అడిగిన మూడు మాటలకు నేను చెప్పిన జవాబు వ్రాయుచున్నాను. పాపమా? బాధలో, ఏమియు తెలియక, కుమార్తె ప్రేమతో తీసికొనిపోగా పరుండినదానిని నేను పాపియనను. దేవుడు ఆమె మోకాళ్లను ఎరుగును. మరల పోవలెనా? వలదు. ఆ డబ్బుతో కుమార్తె ఆమెను జిల్లా ఆసుపత్రికి తీసికొనిపోయి ఎక్స్‌రే తీయించవలెను. నేలమీద బాసీపట్టు వేసికొని కూర్చుండుట మాని కుర్చీలో కూర్చుండవలెను. తొడ కండరములకు బలమిచ్చు వ్యాయామమును అక్కడ నేర్పుదురు. దుకాణములో కొనుక్కొని రోజూ మ్రింగుచున్న నొప్పి బిళ్ళలు మూత్రపిండములను చెరుపగలవు గనుక వాటిని గూర్చి డాక్టరునడుగవలెను. కుమార్తె తల్లి మోకాళ్లు తోముటకు దీక్ష అక్కరలేదు. కూతురైనందున ఆ అధికారము ఆమెకు పుట్టుకతోనే వచ్చినది. సాక్ష్యము చెప్పవచ్చునా? చెప్పవచ్చును, సాక్షి చెప్పవలసినట్లు చెప్పవలెను. కచేరిలో సాక్షి చూచినదే చెప్పును, తీర్పు చెప్పడు. “ఒక గంట పడుకున్నాను, ఒకామె చేతులు పెట్టింది, నొప్పి కొంత తగ్గింది, నిద్ర పట్టింది, నిద్ర ఇచ్చిన దేవునికి వందనాలు” అనుట సత్యము. “ఆ శక్తి నన్ను బాగుచేసింది” అనుట ఆమె చూడని సంగతి.

అయితే ఆమె ఉపశమనము ఒక సంగతికి మాత్రము నిశ్చయముగా సాక్ష్యమిచ్చుచున్నది. తాకబడక, వినబడక, విశ్రాంతి లేక ఆమె ఎంతకాలము బ్రదికెనో అది సాక్ష్యమిచ్చుచున్నది. ఈ సాక్ష్యము విననొల్లని సంఘము రేకీని గూర్చి ఎన్ని ప్రసంగములు చేసినను లాభము లేదు. ఆకలి నిజమైనప్పుడు, ఎంగిలి కూడు తినవద్దనుట చాలదు, అన్నము వడ్డింపవలెను.

మన తెలుగు దేశములో సువార్త ఎట్లు వచ్చినదో తలంచుకొనుడి. 1883లో అన్నా కుగ్లర్ అను వైద్యురాలు గుంటూరునకు వచ్చి, పురుష వైద్యుల యెదుటికి రాలేని స్త్రీల నాడి పట్టెను. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను మెథడిస్టు మిషనెరీ డాక్టరు, ఊరివారు తరిమివేసిన కుష్ఠరోగులను చేర్చుకొని, ఆ కాలమున తెలిసిన చాల్‌మోగ్రా నూనె సూదులు వేయించెను. ఆ నూనె పూర్ణమైన మందు కాదు. కొన్ని మందులు కలిపి యిచ్చు చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సూచించిన తరువాతనే ఆ రోగమునకు నిశ్చయమైన నివారణ అందెను. అయితే తాకు చేయి మందు వచ్చువరకు ఆగలేదు. మందు దొరికిన తరువాత తాకు చేయి మానలేదు. ప్రభువును గలిలయలో కుష్ఠరోగిని మాటతోనే బాగుచేయగలిగియుండియు, చేయి చాపి ముట్టెను. ఆ ముట్టుట రోగము కొరకు కాదు, మనుష్యుని కొరకు.

కావున ప్రతి సంఘములో పెద్దలును స్త్రీల సమాజమువారును ఈ పని చేపట్టవలెనని బతిమాలుకొనుచున్నాను. యాకోబు పత్రిక 5వ అధ్యాయము రోగి పెద్దలను పిలువవలెనని చెప్పుచున్నది. మన పేదలు పిలుచుటకు జంకుదురు గనుక మనమే ముందు పోవుదము. ఆదివారము మధ్యాహ్నము ఇద్దరిద్దరు కలిసి మంచమెక్కినవారి ఇంటికి పోవుడి. పది నిమిషములలో ప్రార్థన ముగించి లేవవద్దు. గంటసేపు కూర్చుండుడి. స్త్రీలయొద్దకు స్త్రీలు పోయి, నొప్పిగల కాళ్లకు నూనె రాయుడి. వారు చెప్పిన కథనే మరల చెప్పినను వినుడి. బిళ్ళలు వేళకు మ్రింగుచున్నారో లేదో చూడుడి. ఆసుపత్రికి తోడు పోవుడి. వెల పుచ్చుకొనవద్దు. బాగైనయెడల మా ప్రార్థన వలననే అని చెప్పుకొనవద్దు. బాగుకానియెడల నీకు విశ్వాసము చాలదని గాయముమీద కారము చల్లవద్దు. తిరిగి వచ్చు ఆదివారము మరల పోవుడి.

ప్రార్థింతము: మా దేహములను నిర్మించిన తండ్రీ, నొప్పిలో మాకు నిదానమైన బుద్ధిని దయచేయుము. కలిగిన మేలును నీయొద్దనుండి వచ్చినదిగా అంగీకరించుటకును, చూడనిదానిని చూచితిమని చెప్పకుండుటకును మాకు నేర్పుము. వైద్యుల చదువును, మందులను, పనిచేయు చేతులను దీవించుము. ఒంటరిగా బాధపడుచున్నవారి మంచముల యొద్దకు మమ్మును నడిపించుము. మా ఖాళీ చేతులను చాపుచున్నాము. ప్రభువైన యేసు నామమున, ఆమేన్.